పెరిగే పిల్లకు పెద్ద తెరచాప

"పెరిగే పిల్ల. జర పెద్దదే తీస్కుందాం," అన్నాడు మా ఆయన రెండో దోసె తుంచుతూ.

మూడో దోసె పెనం మీద ఉంది. వినేవాళ్లు చెప్పుల గురించో, స్కూలు యూనిఫాం గురించో అనుకుంటారు. కాదు, పడవ గురించి. మా అఖిలకు వచ్చే నెల పదిహేనేళ్లు నిండుతాయి. మూడేళ్లుగా అది హిమాయత్ సాగర్‌లో నడుపుతున్నది చిన్నపిల్లల పడవ, నీళ్ల తొట్టి కంటే కాస్త పెద్దగా ఉంటుంది. పదిహేను దాటితే దాంతో పోటీలకు రానివ్వరు. ఇక ఒక్కరే నడిపే పెద్ద తెరచాప పడవలోకి మారాలి. క్లబ్బులో ఒకాయన బదిలీ అయి వెళ్లిపోతూ తన పడవ అమ్ముతున్నాడు. రాష్ట్ర జట్టుకు సెలెక్షన్లు నెలన్నరలో ఉన్నాయి. ఇవాళ వెళ్లి చూసి ఖాయం చేసుకోకపోతే ఆ పడవ ఇంకొకరికి పోతుంది. అఖిల రాత్రంతా నిద్రపోలేదని దాని కళ్లే చెబుతున్నాయి.

ఈ సంగతి నేను ఇంట్లో పది రోజుల కిందట చెప్పాను. అప్పట్నుంచి మా ఇంట్లో పడవల గురించి తెలియని మనిషి లేదు, నేను తప్ప. మా ఆయన వీరేందర్ శంషాబాద్‌లో ట్రావెల్స్ నడుపుతాడు. ఆయన లెక్కలో పడవ కూడా ఒక బండే. "ఇద్దరు పోయేది చూద్దాం. మా తమ్ముని కొడుకు జీవన్‌ను ఎక్కిస్తే పిల్లకు తోడుంటడు," అన్నాడు మొదట. తోడుండాల్సిన జీవన్‌కు ఈత రాదు. ఆ మాటే అంటే "నేర్చుకుంటడు తియ్, మగపిలగాడు" అన్నాడు. సెలెక్షన్లు ఒక్కరు నడిపే పడవకేనని కోచ్ ఫోన్ చేసి చెప్పాక గానీ దిగిరాలేదు. నేను చెప్పిందీ అదే. నేను చెబితే అది నా మాట, కోచ్ చెబితే రూలు.

మా అత్తమ్మ రాములమ్మకు ఇంకో బాధ. "ఒక్కతే పోయే పడవ ఏందే సరితా? నడి నీళ్లల్ల ఏమన్నయితే ఆడపిల్ల ఎవర్ని పిలుస్తది?" అని రోజుకోసారి అడుగుతుంది. పదిహేడేళ్లుగా ఈ ఇంట్లో నాకు జ్వరమొస్తే నేనెవర్ని పిలిచానో అడుగుదామని నాలుక చివరిదాకా వస్తుంది. అడగను. ఇంకో దోసె పోస్తాను.

"గీ రకం పడవల్ల పెద్దది చిన్నది ఉండదు," అన్నాను పెనం దగ్గర్నుంచే. "పడవ ఒక్కటే. తెరచాపలు మూడు సైజులుంటయ్. నడిపే మనిషి బరువును చూసి తెర కట్టాలె. దీనికి నలభై నాలుగు కిలోలు. చిన్న తెర చాలు."

"పడవ ఒక్కటే అయినప్పుడు చిన్న తెరెందుకు? రెండేండ్లకు మల్లొకటి కొంటమా? నీకు తెలుస్తలేదు సరితా. ఇంట్ల నలుగురమే ఉన్నమని నాలుగు సీట్ల బండి తీస్కున్నమా?"

తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నిజమే, నాకు తెలియదు. ఎయిర్‌పోర్టు కార్గోలో పన్నెండేళ్లుగా కాంటా దగ్గర కూర్చుంటున్న నాకు బరువు సంగతి తెలియదు. పెట్టె మీద రాసుకొచ్చే అంకె ఒకటుంటుంది, కాంటా మీద పడే అంకె ఒకటుంటుంది. విమానం రెండోదాన్నే లెక్కలోకి తీసుకుంటుంది, ఆ రెండోది రాసేది నేను. అక్కడ మాత్రం ఏం ఒరిగింది? మొన్న పెద్దసార్లు చూడటానికి వస్తే, తూకం ఎలా వేస్తామో చెప్పడానికి నాకంటే పదేళ్ల తర్వాత చేరినాయన్ని నిలబెట్టి నా చేతికి పూలగుత్తి ఇచ్చారు. "మీరు జర నవ్వుకుంట ఉండుండ్రి మేడం, చాలు," అన్నాడు సూపర్‌వైజర్. దవడలు నొప్పి పుట్టేదాకా నవ్వాను. ఆ ఉద్యోగం జీతంలోంచే ఈ పడవ కొంటున్నాం. "తీస్కుందాం" అనేది మాత్రం ఆయన.

అసలు పెరిగే పిల్ల అన్న మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. మామిడిపల్లిలో మా బాపు కూడా ఇదే అన్నాడు. ఐదో తరగతిలో సైకిల్ కావాలని నేను రెండు రోజులు అన్నం మానేస్తే, నిలువెత్తు సైకిల్ ఒకటి తెచ్చాడు. "పెరిగే పిల్లలు, ఊకూకె కొంటమా" అన్నాడు. శేఖరన్న నాకంటే మూడేళ్లు పెద్ద, కాళ్లు పొడుగు, వారంలో నేర్చుకున్నాడు. నేను సీటెక్కితే పెడల్ అందేది కాదు. ఏడ్చి తెప్పించుకున్న సైకిల్ మీద అన్న వెనక క్యారియర్ మీద కూర్చుని బడికి పోయాను. చివరికి నాకు కాళ్లు అందిన ఏడాదే పెద్దమనిషినయ్యాను. "ఇగ సైకిలేంది బిడ్డా" అన్నాడు బాపు, ఎంతో ప్రేమగా. ఆయన చెడ్డవాడు కాదు, అందుకే ఇప్పటికీ ఎవరినీ తిట్టుకోలేను. చెప్పులు వేలెడు పెద్దవి కొంటే ముందు గుడ్డ పేలికలు కుక్కుకుని నడిచాను. పెళ్లి చేసేటప్పుడూ "చిన్నపిల్ల, నిమ్మలంగ సర్దుకుంటది" అన్నారు. ముప్పయ్యో ఏట, షిఫ్టుకు దింపే తీరిక ఇంట్లో ఎవరికీ లేక, మోకాళ్లు చెక్కుకుపోయేలా పడుతూ స్కూటీ నేర్చుకున్నాను. నా కొలతకు సరిపోయే వస్తువు నా చేతికి రావడం అదే మొదలు.

ఆ స్కూటీ మీదే ప్రతి ఆదివారం అఖిలను హిమాయత్ సాగర్‌కు తీసుకెళ్తాను. నాలుగున్నరకు లేచి, అత్తమ్మకు మధ్యాహ్నం దాకా కావాల్సినవన్నీ వండి మూతలు పెట్టి బయల్దేరతాను. ఒడ్డున తాళ్ల చిక్కులు తీయడం, తెర బిగించడం, మడవడం, ఇంటికొచ్చి బురద పట్టిన జాకెట్ ఉతికి దండెం మీద ఆరేయడం నా పనులు. మూడేళ్లలో ఒక్క ఆదివారం కూడా రాని మా ఆయన ఇవాళ కారు తీశాడు. అత్తమ్మకు చారు పెట్టి, దోసెల పెనం కడిగి నేను కారెక్కేసరికి హారన్ రెండుసార్లు మోగింది.

నీళ్ల ఒడ్డున రేకుల షెడ్డే క్లబ్బు. కోచ్ లక్ష్మణ్ సార్ ఫౌజులో చేసి రిటైరయ్యాడు, మంచి మనిషి. "రండి సార్, రండి" అంటూ వీరేందర్ చెయ్యి పట్టుకుని పడవ చుట్టూ తిప్పి చూపించాడు. నేను వెనక నడిచాను. మూడేళ్లుగా నన్ను ప్రతివారం చూస్తున్న మనిషి, తాళ్లు ఎన్ని ఉన్నాయో, చుక్కాని గట్టిదో కాదో అంతా ఆయనకే చెప్పాడు. మా ఆయన టైర్లు చూసినట్టు పడవను కాలితో తట్టి చూశాడు.

షెడ్డు గోడ మీద ఒక పట్టిక అంటించి ఉంటుంది. ఒకవైపు బరువులు, ఒకవైపు తెరచాపలు. నలభై నాలుగుకు చిన్నది, అరవై దాటితే నడిమిది, ఎనభైకి పెద్దది. దాన్ని మొదటిసారి చూసినప్పుడే నా అరవై రెండు కిలోలకు ఏ తెరో వెతికి చూసుకున్నాను. ఆదివారం పొద్దున పెద్దవాళ్లకు నేర్పే బ్యాచీ కూడా ఉంది అక్కడ, అందరూ మగవాళ్లే. ఎందుకు వెతికానో ఎవరైనా అడిగితే ఏం చెప్పేదాన్నో నాకే తెలియదు. ఎవరూ అడగలేదు.

"పడవ ఎంబడి చిన్న తెర, నడిమి తెర రెండున్నయ్ సార్. మీకేది కావాలంటే అది తీస్కోవచ్చు. పాప బరువుకైతే చిన్నదే కరెక్టు," అన్నాడు లక్ష్మణ్ సార్.

"ఇప్పటి సంగతి కాదు సార్. పెరిగే పిల్ల. నడిమిది కట్టుండ్రి, చూద్దాం."

"ఇయ్యాల గాలి ఎక్కువుంది సార్."

"మీరున్నరు గదా."

"వద్దు సార్," అన్నాను నేను. ఇద్దరూ విన్నారు. నడిమి తెర ఎక్కింది.

అఖిల నా వైపు చూసి, "పర్లే మమ్మీ, చూస్త," అంది. ఆషాఢం గాలి, మబ్బు పట్టి ఉంది. తలల మీదుగా ఒక విమానం ఎయిర్‌పోర్టు వైపు దిగుతోంది. పడవ ఒడ్డు నుంచి వంద గజాలు పోయిందో లేదో, గాలికి తెర ఒక్కసారి నిండి పక్కకు ఒరిగిపోయింది. తిరగబడితే లేపే పద్ధతి ఒకటుంది. పడవ కడుపు కింద నుంచి ఒక చెక్క పలక పొడుచుకొచ్చి ఉంటుంది. నడిపేవాళ్లు దాని మీదికెక్కి, అంచు పట్టుకుని వెనక్కి వాలితే పడవ లేస్తుంది. ఒంటి బరువొక్కటే ఆధారం. అఖిల ఎక్కి వాలింది, లేపింది. లోపలికి దూకేలోపే మళ్లీ పడింది. మళ్లీ లేపింది, మళ్లీ పడింది. మూడోసారి పలకను కరుచుకుని ఉండిపోయింది. లక్ష్మణ్ సార్ మోటారు బోటులో వెళ్లి తీసుకొచ్చాడు.

"నే చెప్పలే?" అన్నాడు వీరేందర్. ఏం చెప్పాడో నాకు గుర్తులేదు. తువ్వాలు దాని భుజాల మీద కప్పాడు, భయపడ్డాడు పాపం. "గిది ఆడపిల్ల తరం కాదు. ఇగ రెండేండ్లు ఆగుదాం. జర పెరగనీ."

రెండేళ్లు ఆగితే పదిహేడు. పదిహేడంటే ఇంటర్ అంటారు, తర్వాత ఎంసెట్ అంటారు, ఆ తర్వాత సంబంధాలు చూస్తున్నాం ఎండలో తిరగకు అంటారు. అప్పటికి నడిమి తెర దీనికి సరిగ్గా సరిపోతుంది. పడవ మాత్రం ఉండదు. నేను అఖిల వైపు చూశాను. అది తల వంచుకుని కాలి వేలితో బురద గీకుతోంది. పెదవులు నీలమయ్యాయి. ఒక్క మాట అడగలేదు, ఏడవలేదు, నా వైపు చూడలేదు. కావాల్సింది అడక్కుండా ఊరుకోవడం దీనికి ఎవరు నేర్పారో నాకు తెలుసు. పదిహేడేళ్లుగా దోసెలు తిప్పుతూ నేనే నేర్పాను.

చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగాను. పడవను ఒడ్డుకు లాగి, నడిమి తెర ఊడదీసి గడ్డి మీద పడేశాను. తెర నిలబెట్టే స్తంభం కింది గొట్టం మార్చి, చిన్న తెరకు సరిపోయే పొట్టిది పెట్టాను. చిన్న తెర ఎక్కించి తాడు బిగించాను.

"మేడం, నేను చేస్త," అన్నాడు లక్ష్మణ్ సార్.

"నాకొస్తది సార్. మూడేండ్ల సంది నేనే కడుతున్న."

"ఏం చేస్తున్నవ్ సరితా? అందరు చూస్తున్నరు," అన్నాడు వీరేందర్ గొంతు తగ్గించి.

"చూడనీయుండ్రి."

అఖిల ఎప్పుడొచ్చి పడవ పక్కన నిలబడిందో చూడలేదు. "నీళ్లల్ల తేలుతున్న ఆ ఎర్ర డబ్బా దాక పోయి, తిరిగి రా," అన్నాను. "పడితే పడు. లేపుకొని రా."

ఈసారి పడవ నీళ్లను కోసుకుంటూ పోయింది. అఖిల ఒళ్లంతా బయటికి వాల్చి, తాడు గుంజి పట్టుకుని, పడవలో ఉన్నది ఎవరో గుర్తుపట్టలేనంత దూరం పోయింది. ఎర్ర డబ్బా దగ్గర మలుపులో గాలి దెబ్బ తగిలి పడవ తిరగబడింది. "సార్, బోటు తీయుండ్రి," అని వీరేందర్ పరిగెత్తబోయాడు. నేను ఆయన మణికట్టు పట్టుకున్నాను. పెళ్లయ్యాక నలుగురిలో ఆయన చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి అనుకుంటాను.

"ఆగుండ్రి."

చిన్న తల ఒకటి నీళ్లలోంచి లేచింది. పలక మీదికెక్కింది. వెనక్కి వాలింది. తెర నీళ్లు కారుస్తూ నెమ్మదిగా లేచి నిలబడింది. అది లోపలికి దొర్లి, చుక్కాని అందుకుని, మా వైపు రావడం మొదలుపెట్టింది. నడి నీళ్లలో ఎవర్నీ పిలవలేదు. ఇంటికెళ్లగానే అత్తమ్మకు చెప్పాలి. ఒడ్డు చేరేసరికి దాని ముఖమంతా నవ్వే. అలాంటి నవ్వు మా ఇంట్లో నేనెన్నడూ చూడలేదు. వాళ్ల నాన్న దగ్గరికి వెళ్లి తడి బట్టలతోనే కావలించుకుంది. ఆయన దాని తల తుడుస్తూ నిలబడ్డాడు.

లక్ష్మణ్ సార్ రిజిస్టరు తెచ్చాడు. మా ఇద్దరి మధ్య నిలబడి, ఒకసారి ఆయన్ని చూసి, తర్వాత నా వైపు తిరిగాడు. "అయితే మేడం, చిన్న తెర ఒక్కటే రాస్కోనా?"

నేను గడ్డి మీది నడిమి తెరను నీళ్లు పిండి చుడుతున్నాను. "రెండు రాయుండ్రి సార్," అన్నాను.

వీరేందర్ ముఖం వెలిగింది. "గదే, పొద్దుగాల సంది నేను మొత్తుకునేది గదే. పిల్ల పెరిగినంక పనికొస్తది."

"గప్పటిదాంక ఎందుకు," అన్నాను చుట్టిన తెరను చంకలో పెట్టుకుని లేస్తూ. "పెరిగినదాన్ని నేనున్న గదా. సార్, ఆదివారం పొద్దుటి బ్యాచీల నా పేరు గూడ రాస్కోండ్రి. సరిత. అరవై రెండు కిలోలు."