నిలువుకాళ్ల కొలువు

ఆవిరి.

తడిగుడ్డకు వేడి ఇనుము ఆనగానే లేచే ఆవిరి... ఆ వాసన ఆమెకన్నా ముందే గదిలోకి వచ్చేది.

"వచ్చావా అక్కా?" అనేది కాళ్లమ్మ, తలెత్తకుండానే.

కాళ్లమ్మ అంటే కాళ్లు చేసే ఆవిడ. కొలత తీసి, మోకాలు అమర్చి, బిగించి, నాలుగడుగులు నడిపించి ఇంటికి పంపే మనిషి. పదహారేళ్లుగా అదే పని. ఆ పేరు పెట్టింది పేషెంట్లే. వాసన వెంటేసుకొచ్చే ఆవిడ ఇస్త్రీ అక్క. పెద్ద లాండ్రీలో దుప్పట్లు, చొక్కాలు, తెల్లకోట్లు — పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా బల్ల ముందు నిలువుకాళ్ల కొలువు. ఆ కాళ్లలో ఒకటి, తొడ నుంచి కిందదాకా, కాళ్లమ్మ చేసింది.

పాత మోకాలు దొంగమోకాలు. బాగానే నిలబడి ఉండగా ఉన్నట్టుండి మడతపడేది. ఒకసారి అలా మడతపడితే అక్క ఇస్త్రీపెట్టె మీదకే ఒరిగిపోయింది. ముంజేతి మీద ఇప్పటికీ ఆ మచ్చ. "నన్ను నేనే ఇస్త్రీ చేసుకున్నా," అని నవ్వుతూ చూపించేది అందరికీ.

కాళ్లమ్మకి నవ్వొచ్చేది కాదు.

అందుకే కొత్త మోకాలి కోసం పట్టుబట్టింది. లోపల చిన్న మెదడున్న మోకాలు. మనిషి తూలితే తనే బిగుసుకుంటుంది. నిలబడితే తనే నిలబెడుతుంది. దాని కోసం ఆరు వారాలు శిక్షణకు వెళ్లింది. కొత్తదంటే ముఖం చిట్లించే పాతకాపులతో గొంతు పోయేలా వాదించింది. ఆర్నెల్లు వాడకం చూసి ఆ తర్వాత సొంతానికి ఇస్తామన్నారు పైవాళ్లు. సరే అంది.

బిగించిన రోజు గొప్పగా చెప్పింది కూడా.

"ఇది అన్నీ రాసుకుంటుందక్కా. అబద్ధం చెప్పదు."

చెప్పలేదు.

రోజుకు నాలుగువందల పన్నెండు అడుగులు అని చెప్పింది.

మూడువేలు ఉండాలట. మోకాళ్లు మంజూరు చేసే ఆఫీసరు దగ్గర్నుంచి కాగితం వచ్చింది — వాడకం తక్కువ. మోకాలు విప్పి వెనక్కి పంపండి. బాగా నడిచే మనిషికి ఇస్తాం.

బాగా నడిచే మనిషికి!

కాళ్లమ్మకి ఒళ్లు మండిపోయింది. తిండి గంట పోగా రోజుకు తొమ్మిది గంటలు నిలబడింది అక్క. ఆర్నెల్లు. ఒక్కసారి పడలేదు. మోకాలికి ఆ సంగతీ తెలుసు, లోపలెక్కడో రాసుకునే ఉంటుంది... అడిగినవాడు లేడు. ఆఫీసు కంప్యూటరు తెర మీద అడుగులకు గడి ఉంది. నిలబడ్డ గంటలకు లేదు. గడి లేదు కాబట్టి గంటలూ లేవు. నడుంనొప్పి లేదు. చెమట లేదు. ఆ మనిషే లేదు.

కిటికీ బయట చెట్టు. వానొచ్చినా గాలొచ్చినా ఉన్నచోటే ఉంటుంది.

దాన్నీ అడగండి, ఎన్ని అడుగులు వేసిందో! సున్నా. నరికేయండి మరి. వాడకం తక్కువ కదా!

ఇంకో కోపం కూడా ఉంది, ఎవరి మీదా చూపించడానికి లేనిది. మొదట్లో ఫారం నింపింది కాళ్లమ్మే. మోకాలు దేనికి అన్నచోట రెండే గడులు — నడకకి, పరుగుకి. పక్కన ఖాళీ ఉంది. నిలబడటానికి అని అందులో ఒక్క ముక్క రాయొచ్చు. రాయలేదు. నడక దగ్గర టిక్కు పెట్టి, తొందరతొందరగా పంపేసింది.

విప్పమన్న రోజు వచ్చింది. అక్క వచ్చింది. కాళ్లమ్మ తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించింది.

"రెండు రోజులు ఆ కాలు నాకిచ్చెయ్యక్కా. మా ఇంట్లో కుట్టుమిషనుంది. కింద తొక్కే పలకకి దీన్ని కట్టి తొక్కుతా. రోజుకు నాలుగువేలు పడతాయి. ఈ రెండు రోజుల అంకె చూపించి మళ్లీ చూడమందాం."

అక్క నవ్వుతుందనుకుంది.

నవ్వలేదు.

"అంటే, నేను నిలబడింది అబద్ధమా?"

"అది కాదక్కా..."

"మరేంటి? కాలు కాలిన పిల్లిలా బల్ల చుట్టూ తిరిగితేనే వాళ్లకి నిజమా? అలా తిరుగుతుంటే దుప్పట్లు ఎవరు చేస్తారు? నిలబడ్డానమ్మాయ్ నేను. నిలబడ్డానని చెప్పుకోడానికి దొంగ నడక నడవాలా?"

అరికాలి మంట నెత్తికెక్కడం అంటారే, అదే. ఆమెకున్నది ఒక్క అరికాలే. మంట మాత్రం రెండు కాళ్లదీ ఎక్కింది.

"ఆ ఆఫీసరు గది ఎక్కడో చూపించు."

ఆఫీసరు చెడ్డవాడేం కాదు. మెత్తగా మాట్లాడతాడు. అందుకే ఇంకా మండుతుంది. చొక్కా చేతుల మీద ఇస్త్రీ గీత కత్తిలా ఉంది. ఎవరో ఎక్కడో నిలబడి చేసిందే అది.

"అంకెలన్నీ చూశామమ్మా. మాకు మీ మీద కోపమేం లేదు."

"నాకుంది సార్."

ఆయన కుర్చీ చూపించి, వెంట వచ్చిన కాళ్లమ్మ వైపు తల ఊపాడు. "కూర్చోండమ్మా. మేడమ్ విప్పుతారు. మీ పాత మోకాలు మీకు బిగిస్తారు."

తొడ నుంచి ఉన్న కాలు విప్పాలంటే మనిషి కూర్చోవాలి. ముందు కూర్చోవాలి, ఆ తర్వాతే ఏదైనా. ఆమె కూర్చోకపోతే ఏమవుతుందో ఇన్ని కాగితాలు రాసిన మనిషికి తట్టలేదు.

అక్క కూర్చోలేదు.

"మీ పని మీరు చేసుకోండి సార్. నాకు అలవాటే."

పావుగంట. ఆఫీసరు ఒక ఫైలు తెరిచాడు, మూశాడు. అరగంట. బయట వాన మొదలైంది, చెట్టు తడుస్తూ ఉంది. ఫోన్ మోగితే ఎత్తి, తర్వాత చేస్తానని పెట్టేశాడు. నిలబడ్డ మనిషి ముందు కూర్చుని పని చేయడం ఎంత కష్టమో ఆయనకి ఇప్పుడిప్పుడే తెలుస్తోంది.

"ఎంతసేపమ్మా ఇలా?"

"ఆరింటి దాకా. రేపు ఎనిమిదింటికి మళ్లీ వస్తా."

మోకాలు కిక్కురుమనలేదు. కొంచెం వంగి, బరువంతా మోస్తూ, తన పని తను చేసుకుంటోంది.

ఆఫీసరు కాళ్లమ్మ వైపు తిరిగాడు. "మీరైనా చెప్పండి. విప్పమని మీకు ఆర్డరుంది. గుర్తుందిగా?"

గుర్తుంది. సంతకం పెట్టి తీసుకున్న ఆర్డరు. పదహారేళ్ల ఉద్యోగం. చేతిలో చిన్న రెంచి. చెప్పడానికి చాలా ఉంది... తెర గురించి, గడుల గురించి, తను రాయని ఆ ఒక్క ముక్క గురించి.

రెంచి జేబులో వేసుకుంది. అక్క వెనక ఖాళీగా ఉన్న కుర్చీని రెండు చేతులా ఎత్తి, తీసుకెళ్లి బయట వరండాలో పెట్టింది. తిరిగొచ్చి అక్క పక్కన నిలబడింది.

ఇప్పుడు ఆ గదిలో కూర్చున్నది ఆఫీసరు ఒక్కడే.