పేరు చెప్పడానికి పట్టినంత సేపు

కళ్ళజోళ్ళ కొట్టులో వెనక గది అతనిది. ముందు గదిలో యజమాని వచ్చినవాళ్ళతో బేరాలాడుతుంటే, వెనక గదిలో అతను అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో కూర్చేవాడు. అందరూ మేస్త్రి అని పిలిచేవాళ్ళు. అద్దం అంచులో వెంట్రుకవాసి తేడా ఉన్నా అతని వేలికి తెలిసిపోయేది. నోటికి మాత్రం ఆ వాటం రాలేదు. చిన్నప్పటి నుంచీ నత్తి.

మామూలు మాటలకైతే దొంగదారులుంటాయి. ‘నీళ్ళు’ దగ్గర నాలుక మొరాయిస్తే ‘దాహంగా ఉంది’ అనొచ్చు. ‘మంగళవారం’ రాకపోతే ‘ఎల్లుండి’ అని గట్టెక్కొచ్చు. సొంత పేరుకి దొంగదారి లేదు. “మీ పేరేంటండీ?” అని ఎవరైనా అడిగితే చాలు, గొంతులో వెలక్కాయ పడ్డట్టయ్యేది. అందుకే అతని పేరు ఊళ్ళో ఎక్కువసార్లు పలికింది అతను కాదు, అతని భార్య. బ్యాంకులోనైనా, ఆసుపత్రిలోనైనా, పెళ్ళి పందిట్లోనైనా అతను నోరు తెరిచేలోపు ఆమె అందుకునేది. మనసు వెన్న, నోరు గాలిమర.

ఆ చలికాలంలో యజమాని అద్దాలు కోసే కొత్త మిషను కొన్నాడు. దాన్ని నడపడం ఉత్తరాది నగరంలో వాళ్ళ ఫ్యాక్టరీలోనే నేర్పుతారట.

“వారం రోజుల పని. నువ్వే వెళ్ళిరావాలి మేస్త్రీ” అన్నాడు.

ఇంట్లో ఆ మాట చెప్పగానే భార్య కంగారుపడింది. “అంత దూరమా? ఆ ఊరి భాష మీకు అరకొరగా వచ్చు. మీ తరఫున ఎవరు మాట్లాడతారు? నేనూ వస్తాను.”

కానీ సరిగ్గా ఆ వారమే కూతురికి పరీక్షలు. ఆమె కదలడానికి వీల్లేకపోయింది.

“అక్కడ నా ఫ... ఫ్రెండ్సున్నారు” అన్నాడతను.

“ఎవరూ, ఆ ఫోనులో వాళ్ళా? మొహాలు తప్ప కాళ్ళెప్పుడైనా చూశారా వాళ్ళవి?”

ఆమె అన్నదీ నిజమే. ఆ స్నేహం ఫోనులో పుట్టిందే. నత్తి ఉన్నవాళ్ళు కొందరు ఆదివారం పొద్దున్నే వీడియోలో కలిసి కబుర్లు చెప్పుకునేవాళ్ళు. ఒకరి మాట ఇంకొకరు పూర్తి చేయకూడదన్నది అక్కడి కట్టుబాటు. అతను రెండేళ్ళుగా అందులో ఉన్నా మాట్లాడింది తక్కువ, విన్నది ఎక్కువ. అందులో ఇద్దరు బతుకుతెరువు కోసం ఆ ఉత్తరాది నగరానికి చేరి స్థిరపడ్డ మనవాళ్ళే. ఒకామె ఆసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటరు, యాభై దాటిన మనిషి. గుంపులో అందరూ పిన్ని అనేవాళ్ళు. రెండోవాడు బ్రెడ్డు కాల్చే బేకరీలో పనివాడు. అందరికంటే నిదానంగా మాట్లాడతాడని వాడికి బుల్లెట్టు అని పేరు. ఆ పేరు పెట్టుకుంది కూడా వాడే.

వస్తున్నానని మెసేజ్ పెట్టగానే పిన్ని జవాబిచ్చింది. “స్టేషనుకొస్తాం. హోటలు మా ఇంటికి దగ్గరలోనే చూసుకో. ఊలు బనీను వేసుకురా, ఇక్కడ చలికి మాటే కాదు మూతి కూడా గడ్డకడుతుంది.”

రైలు దిగేసరికి ప్లాట్‌ఫారం మీద మంచు పొగ. ఫోనులో ఎప్పుడూ భుజాల దాకానే కనిపించే బుల్లెట్టు ఆరడుగులు దాటిన మనిషి. పిన్ని వాడి మోచేతి ఎత్తుంది. బుల్లెట్టు ఏదో అనబోయాడు. మాట కంటే ముందు నోట్లోంచి తెల్లటి ఆవిరి వచ్చింది, మళ్ళీ వచ్చింది, మళ్ళీ వచ్చింది.

“ప్ర... ప్రయాణం బాగా జ... జరిగిందా అన్నా?” అన్నాడు చివరికి. “ఈ ఆవిరి రైలింజనుదా నాదా అని అడక్కు.”

మేస్త్రికి నవ్వొచ్చింది. పిన్ని తన మెడలో మఫ్లరు తీసి అతని మెడకి చుట్టింది. చిన్నప్పుడు బడికి పంపే ముందు అమ్మ చుట్టినట్టు గట్టిగా బిగించి ముడేసింది.

హోటల్లో కౌంటరు వెనక ఉన్న అమ్మాయి కంప్యూటరు వైపు చూస్తూనే అడిగింది. “మీ పేరు?”

మొదటి అక్షరం దగ్గరే పట్టేసింది. పెదాలు బిగుసుకున్నాయి, మెడ నరాలు లేచాయి. వెనక పెట్టెలతో ఇంకో ఇద్దరు వచ్చి నిలబడ్డారు. అలవాటు కొద్దీ పక్కకి చూశాడు. భార్య ఉండే చోట పిన్ని ఉంది. ఆమెకి అతని పేరు తెలుసు. అయినా గోడ మీద గడియారాన్ని తీరిగ్గా చూస్తోంది. బుల్లెట్టు తన బూట్ల మంచు దులుపుకుంటున్నాడు.

కౌంటరమ్మాయి తలెత్తి పిన్నినే అడిగింది. “ఈయన ఏమంటున్నారండీ?”

“ఇంకా ఏమీ అనలేదమ్మా” అంది పిన్ని, తనూ ఒకచోట తడబడుతూనే. “అ... అంటారు.”

అతనికి ఒళ్ళు మండింది. ఇంతదూరం వచ్చింది నలుగురిలో నిలబెట్టి ఉడికించడానికా అనిపించింది. ఆ మంటలోనే ఊపిరి వదిలి మళ్ళీ మొదలుపెట్టాడు. పేరు ముక్కలుముక్కలుగా, తాపీగా, చివరి అక్షరం దాకా బయటికొచ్చింది.

అమ్మాయి టైపు చేసి తెర చూసుకుంది. “క్షమించండి, ఇంటిపేరు సరిగా పడలేదు. ఇంకోసారి చెప్తారా?”

బుల్లెట్టు ముందు పగలబడి నవ్వాడు. పిన్ని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మేస్త్రికి ఏడవాలో నవ్వాలో తెలియక, నవ్వే వచ్చింది. రెండోసారి పేరు మొదటిసారి కంటే తేలిగ్గా పలికిందా అంటే లేదు. అంతే కష్టంగా పలికింది. కానీ ఈసారి అతనికి వెనకున్నవాళ్ళు గుర్తురాలేదు.

మధ్యాహ్నం పిన్ని ఇంట్లో భోజనం. రెండే గదులు. కిటికీ కింద గదిని వెచ్చబెట్టే వేడిగొట్టం, దాని మీద ఆరేసిన మేజోళ్ళు. పిన్ని కూరగాయల సూపు పోసింది. బుల్లెట్టు తను కాల్చిన బ్రెడ్డు తెచ్చాడు. గిన్నె సగం అయ్యాక మేస్త్రి ఉండబట్టలేక అడిగాడు.

“పిన్నీ, నా పేరు నీకు తె... తెలుసు కదా. నువ్వు చెప్పేస్తే ఒక్క క్షణంలో అయిపోయేది.”

“చెప్పాలని నా నాలుక ఎంత ద... దురద పెట్టిందో నీకేం తెలుసు” అంది పిన్ని. గరిటె పక్కన పెట్టి కూర్చుంది. “మా అమ్మ బతికున్నన్నాళ్ళూ నా మాటలన్నీ తనే చెప్పేది నాయనా. ప్రేమతోనే. అమ్మ పోయిన రోజు ఇంటికొచ్చిన వాళ్ళు ‘ఎలా జరిగింది’ అని అడిగితే, నేను పక్కకి తిరిగి అమ్మ కోసం వె... వెతికాను. ఆ తర్వాతే ఈ టెలిఫోన్ ఉద్యోగంలో చేరాను. ముందు వద్దన్నారు. ‘ఒక నెల చూడండి’ అన్నాను. ఆ నెల ఇంకా అవ్వలేదు.”

మేస్త్రి గిన్నె ముందుకు జరిపాడు. పిన్ని మళ్ళీ సూపు పోసింది.

ఆ మధ్యాహ్నం అతను పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ మాట్లాడనంత మాట్లాడాడు. ఎవరూ గడియారం చూడలేదు. మాట ఆగినచోట బుల్లెట్టు బ్రెడ్డు ముక్క సూపులో ముంచుకుంటూ ఊరుకునేవాడు. ఆ ఊపులో మేస్త్రి ఎవరికీ చెప్పని సంగతొకటి చెప్పాడు.

“మా పెళ్ళిచూపుల్లో మా ఆవిడ నన్ను పేరడిగింది. నేను నోరు తెరిచి ఆ... ఆగిపోయాను. పేరు చెప్పలేకపోతున్నాననుకుని ‘పర్లేదండీ, పేరు మీ నాన్నగారు చెప్పారు’ అంది. అందరూ అయ్యో పాపం అన్నారు. ఇప్పటికీ చుట్టాలొస్తే ఆ కథ తనే చెప్తుంది. కానీ నేను చెప్పబోయింది పే... పేరు కాదు.”

“మరి?” అంది పిన్ని.

“ఆవిడ కళ్ళజోడు వం... వంకరగా ఉంది. ముక్కు మీద నొక్కుకుపోయి ఎర్రగా కందింది. ‘ఒకసారి ఇలా ఇవ్వండి, సరిచేస్తాను’ అందామనుకున్నాను.”

బుల్లెట్టు బల్ల మీద చరిచి మరీ నవ్వాడు. పిన్ని కళ్ళు తుడుచుకుంది. “ఇన్నేళ్ళయినా ఆ పి... పిల్లకి చెప్పలేదా?”

“చెప్పబోతే సగంలోనే తను అందుకుంటుంది.”

సాయంత్రం హోటలు గదికి చేరాక భార్యకి ఫోను చేశాడు. తిన్నారా, చలెలా ఉంది, వాళ్ళు మంచివాళ్ళేనా అని ఆమె గుక్క తిప్పుకోకుండా అడిగింది. అన్నిటికీ ‘ఊ’ అన్నాడు. తర్వాత అన్నాడు. “ఒక మాట చెప్తాను. నేను ఆ... ఆగినా నువ్వు అందుకోకు.”

“నేనెప్పుడు అందు...” అని ఆమె నాలిక్కరుచుకుంది. “సరే. చెప్పండి.”

చెప్పాడు. మధ్యలో రెండుచోట్ల ఆమె ఊపిరి తీసుకోవడం వినిపించింది. మాట మాత్రం రాలేదు. అంతా అయ్యాక కూడా అవతలి నుంచి ఏమీ వినపడలేదు. ఫోను కట్టయిందేమో అనుకున్నాడు.

“ఉన్నావా?”

“ఉన్నా” అంది. గొంతు మారింది. “ఇన్నేళ్ళూ నేనేదో జాలిపడి చేసుకున్నానని గొప్పలు పోతున్నాను. మీరు ఆ రోజు నా ముక్కు చూసి జాలిపడుతున్నారా?”

“జా... జాలి కాదు. నొప్పిగా ఉంటుందేమోనని.”

“నొప్పిగానే ఉండేది” అంది. “ఆ సంగతి మా అమ్మకి కూడా తెలియదు.” మళ్ళీ తనే అడిగింది. “ఇంకా ఏవైనా ఉన్నాయా చెప్పనివి?”

“ఉన్నాయి.”

“రేపు చేయండి. పిల్లని చదివించాక కూర్చుంటాను. నోరు మూసుకునే వింటాలెండి.”

మర్నాడు ఫ్యాక్టరీలో అందరూ తమని తాము పరిచయం చేసుకోవాల్సి వచ్చింది. అతని వంతు మిగతావాళ్ళ కంటే ఎక్కువసేపు పట్టింది. పక్కనున్నాయన దయగా, “చలికి వణుకుతున్నారా? హీటరు పెంచమంటారా?” అన్నాడు. “లేదండీ, నత్తి” అన్నాడు మేస్త్రి. ఆ ఒక్కమాటకి మాత్రం నాలుక ఎక్కడా తడబడలేదు. ఆయన తల ఊపి అద్దాల ట్రే ఇటు జరిపాడు. ఆ తర్వాత ఇద్దరూ మిషను గురించే మాట్లాడుకున్నారు. వారం గడిచేసరికి అతని చేతికి మిషను లొంగింది. సాయంత్రాలు పిన్ని ఇంట్లోనో, బేకరీ వెనక పిండి బస్తాల మధ్యనో గడిచాయి. ఆ తర్వాత భార్యకి ఫోను.

వెళ్ళేరోజు పొద్దున ఇద్దరూ స్టేషనుకొచ్చారు. పిన్ని డ్యూటీ మార్చుకుంది. బుల్లెట్టు పని దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, కనుబొమల్లో పిండి. మేస్త్రి ఏదో చెప్పబోతుంటే రైలు వచ్చి నిలబడింది.

“థాంక్సు చెప్పడానికైతే ఎ... ఎక్కి కూర్చో. ఆదివారం చెప్పొచ్చు” అంది పిన్ని.

అతను తల అడ్డంగా ఊపాడు. జనం పెట్టెలతో తోసుకుంటూ పోతున్నారు. అతను మెట్టు పక్కనే నిలబడి, మాటకి పట్టినంత సేపూ పట్టనిచ్చాడు.

“పిన్నీ, ఆ రోజు హో... హోటల్లో నాకు నీ మీద కోపమొచ్చింది. చాలా. ఇప్పుడు ఆ రోజు తలుచుకుంటే నీకు ద... దణ్ణం పెట్టాలనిపిస్తోంది.”

“కోపమొచ్చిందని తెలుసులే” అంది పిన్ని. “అయినా సూపు రెండోసారి పో... పోయించుకున్నావుగా. అప్పుడే తగ్గిందనుకున్నా.” అంటూ మొహం పక్కకి తిప్పుకుంది. బుల్లెట్టు అతన్ని కావలించుకుని, కాగితంలో చుట్టిన వెచ్చటి బ్రెడ్డు చేతిలో పెట్టాడు. వాడు చెప్పబోయిన మాట బయటికి రావడానికి ముగ్గురూ ఆగారు.

“జా... జాగ్రత్త అన్నా.”

రైలు కదిలింది. కిటికీ పక్క సీట్లో ఉన్న పెద్దాయన బయట చేతులూపుతున్న పొడుగాటివాణ్ణీ పొట్టావిణ్ణీ చూసి, “మీవాళ్ళా?” అని అడిగాడు.

“మా... మావాళ్ళే” అన్నాడు మేస్త్రి. పెద్దాయన కొంచెం జరిగి అతనికి కిటికీ ఇచ్చాడు.