లాకుల్లో ఉన్నాం

నీళ్ళు ముందు వినపడ్డాయి. ఆ తర్వాతే కనపడ్డాయి.

తెనాలి స్టేషను దాటి, రిక్షాల గోల దాటి, వంతెన మీదికి వచ్చేసరికి కింద కాలవ. ఎర్రగా, నిండుగా, ఒడ్డుల్ని ఒరుసుకుంటూ... ఊరి మధ్యలోంచి ఎవర్నీ అడక్కుండా నడిచిపోతోంది.

జయకుమారి వంతెన కమ్మీ పట్టుకుని ఉండిపోయింది.

అమ్మో, ఇన్ని నీళ్ళే!

వినుకొండ అవతల మెట్ట ఊరు ఆ పిల్లది. అక్కడ మిరపనారుకి కడవలతో నీళ్ళు మోస్తారు. మొహం కడిగిన నీళ్ళు పారబోయరు, మొక్కకి పోస్తారు. సాగరు కాలవ మా ఊరికీ వస్తుందని ఎదురుచూసిన వాళ్ళు ఎదురుచూస్తూనే ముసలివాళ్ళయ్యారు. గుంటూరు హాస్టల్లో ఉండి బి.ఏ. మొదటి సంవత్సరం చదువుతున్న జయకుమారి, ఎనభై అయిదు ఆగస్టులో ఒక ఆదివారం, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఊరి నడుమ పారే కాలవ చూసింది.

కానీ వచ్చింది కాలవ కోసం కాదు.

వచ్చింది అమ్మ కోసం.

పక్కనున్న ఇద్దరికీ ఆ సంగతి తెలియదు. మల్లేశ్వరిది ఈ ఊరే. "మా ఊరు చూపిస్తా రండే, మూడు కాలవల ఊరు!" అని వెంటపెట్టుకొచ్చింది తనే. శివపార్వతిది చీరాల, మగ్గాల ఇల్లు. నవ్వడం మొదలుపెడితే ఆపడం చేతకాని పిల్ల. పొద్దున ప్యాసింజరు ఎక్కినప్పట్నుంచీ ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు. జయకుమారి కూడా నవ్వుతూనే ఉంది — పైపైన.

లోపల కార్డు ఉంది. పుస్తకాల సంచి లోపల, నోటుబుక్కు లోపల, మడత కింద మడత.

వానల్లేక ఈ ఏడు వాళ్ళమ్మ పున్నమ్మ మొదటిసారి నాట్ల కూలికి డెల్టాకి వచ్చింది. మొగుడు పోయిన మనిషి. ఆడకూలీలు పన్నెండుమంది, వాళ్ళ మీద మేస్త్రి ఏసోబు. పున్నమ్మ చెబుతుంటే ఏసోబే ఆ కార్డు రాశాడు. ఏసోబు చదివింది మూడో తరగతి. ఆ మూడు తరగతులూ కార్డు నిండా కనపడుతున్నాయి.

"ప్రభువు నామమున వందనాలు. తెనాలి కాడ లాకుల్లో ఉన్నాం. ఇంకా వదల్లేదు. వదిలాక పది రోజులకి ఇంటికి పోతాం. నువ్వు బెంగపెట్టుకోబాక. బాగా చదువుకో."

లాకుల్లో ఉన్నాం.

ఇంకా వదల్లేదు.

జయకుమారి చదువుకున్న పిల్ల కదా! లాకప్పు అని రాయబోయి ఏసోబు ఒక అక్షరం మింగేశాడని వెంటనే అర్థం చేసుకుంది. అమ్మని పోలీసులు పట్టుకుపోయారు. లోపలేశారు. ఇంకా వదల్లేదు.

ఏం చేసింది అమ్మ? ఎవరి చేలో ఏం కోసింది? ఎవరితో ఏమంది?

తొమ్మిది రోజులు ఇదే. అన్నం ముందు ఇదే. క్లాసులో ఇదే. ప్రార్థనలో మోకాళ్ళ మీద ఇదే.

గుంటూరు నుంచి తెనాలి ఎంతసేపు! కార్డు అందిన మర్నాడే బండి ఎక్కాల్సింది. ఎక్కలేదు. ఎందుకూ అని వార్డెను అడిగితే ఏం చెప్పాలి? లాకప్పులో ఉన్న అమ్మ కూతురని హాస్టలంతా అనుకుంటే? అలా అనుకుంటూ... రేపు, రేపు అనుకుంటూ... మల్లేశ్వరి షికారు దొరికేదాకా ఆగింది.

అది తప్పని ఆ పిల్లకీ తెలుసు. తెలిసే వచ్చింది.

ఊరు మాత్రం ఎంత ముచ్చటైన ఊరని! ఇళ్ళ దొడ్డి తలుపులు కాలవలోకే తెరుచుకుంటాయి. రేవు మెట్ల మీద ఇత్తడి బిందెలు తళతళలాడుతున్నాయి. ఒక ముసలామె మెట్టు మీద కూర్చుని, కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. అవతల గడ్డి పడవ వస్తోంది — పడవ కనపడదు, గడ్డివామే నడిచొస్తున్నట్టుంది. ఒక వంతెన దాటితే ఇంకో వంతెన. ఒక కాలవ అయిపోయిందనుకుంటే ఇంకోటి.

"ఎట్టా ఉంది మా ఊరు?" అంది మల్లేశ్వరి, తనే కట్టించినట్టు.

"చాలా బావుందే," అంది జయకుమారి. నిజంగానే అంది. కళ్ళు నీళ్ళని వదలడం లేదు.

ఆ వెంటనే అడిగింది. "మీ ఊళ్ళో... పోలీస్ స్టేషను ఎక్కడా?"

శివపార్వతి పడీ పడీ నవ్వింది. "కాలవలు చూడ్డానికొచ్చి పోలీస్ స్టేషను చూస్తావటే! నీకేం పొయ్యేకాలమే!"

స్టేషను చూపించారు. ఎర్ర గోడ, గోడ వెనక వేపచెట్టు, అరుగు మీద కునుకుతున్న కానిస్టేబులు. జయకుమారి రెండడుగులు వేసింది. ఆగింది. లోపల్నుంచి ఆడగొంతు ఏమైనా వినపడుతుందా అని చెవులు రిక్కించింది.

ఏమీ వినపడలేదు.

లోపలికి వెళ్ళి అడగలేదు. అక్కడిదాకా వచ్చీ అడగలేదు.

మల్లేశ్వరి వాళ్ళింట్లో భోజనం పెట్టారు. గోంగూర, గడ్డపెరుగు, కొసరి కొసరి వడ్డన. జయకుమారి విస్తట్లో సగం వదిలేసింది.

మూడింటికి మల్లేశ్వరి అంది. "బండికి ఇంకా టైముంది. లాకులు చూసొద్దాం రండే."

జయకుమారి గ్లాసు కింద పెట్టేసింది.

"చూడనిస్తారా?"

"ఎవరూ?"

"పోలీసులు... లాకప్పు..."

శివపార్వతి నవ్వుకి ఇల్లెగిరిపోయింది. మల్లేశ్వరి నవ్వలేదు. స్నేహితురాలి మొహం చూసింది.

"లాకప్పు కాదే తల్లీ. లాకులు. కాలవకి అడ్డంగా తలుపులుంటాయి. అవి ఎత్తితే నీళ్ళు కిందికి పోతాయి, దించితే ఆగుతాయి. మా వైపు చిన్నపిల్లల్నడిగినా చెబుతారు."

"మరి... వదలడం అంటే?"

"నీళ్ళు వదలడమే! కాలవలోకి ఇంకేం వదులుతారే?"

జయకుమారి సంచిలోంచి కార్డు తీసి ఇచ్చింది. ఇద్దరూ చదివారు. పైన గుంటూరు పోస్టాఫీసు ముద్రలో తేదీ కూడా చదివారు.

"తొమ్మిది రోజులైంది కదే..." అంది శివపార్వతి. ఆ పిల్ల నవ్వు ఆగడం పొద్దుట్నుంచీ అదే మొదలు.

ఊరి చివర లాకులు. పాత రాతి గోడలు, నాచు పట్టిన ఇనప తలుపులు. పైన కాలవ నిండుగా నిలబడి ఉంది. కింద కాలవ బురదగా, ఖాళీగా ఉంది. లాకులు కాసే లస్కరు అలీ సాహెబ్ గేటు చక్రం పట్టుకుని నిలబడ్డాడు. గట్టు మీద రేకుల షెడ్డు. షెడ్డు ముందు ఆడకూలీలు, చీరలు దోపుకుని, నీళ్ళ కోసం చూస్తూ. కింది పొలాలకి ఇవాళే వంతు. నీళ్ళు వెళితే రేపు నాట్లు.

చక్రం తిరిగింది. తలుపు మూలిగింది.

నీళ్ళు!

ఒక్కసారిగా, తెల్లగా, నురగలు కక్కుతూ దూకాయి. నేల అదిరింది. తుంపర్లు మొహానికి కొట్టాయి. పన్నెండు గొంతులు ఒక్కసారే లేచాయి. "వదిలారే! వదిలారే!"

ఆ గొంతుల్లో ఒకటి జయకుమారికి తెలుసు.

"అమ్మా!"

పరిగెత్తింది. పున్నమ్మని చుట్టేసింది. భుజంలో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. అమ్మ ఒంటికి బురద వాసన, ఎండ వాసన. అమ్మ బాగానే ఉంది. అమ్మ ఏ తప్పూ చెయ్యలేదు.

"ఏందమ్మే, ఏందీ ఏడుపు? నాకేమైందనీ? ఊరుకో, నా తల్లే! అట్టా చూడు, నీళ్ళు చూడు. మన ఊళ్ళో యాడుంటయ్యి ఇట్టాంటి నీళ్ళు?" పున్నమ్మ కూతుర్ని గట్టు అంచుకి తీసుకుపోయి, తలుపులు చూపించింది, చక్రం చూపించింది. అన్నీ తనకే తెలిసినట్టు, అలీ సాహెబ్ పక్కన లేనట్టు చెప్పుకుపోయింది. జయకుమారి వింది. ఏ మేష్టారి పాఠమూ అంత శ్రద్ధగా వినలేదు.

అప్పుడు పున్నమ్మ కూలీల వైపు తిరిగింది.

"చూశారా నా బిడ్డని! ఏసోబు గీసిన కోడిగీతలు చదువుకోని, లాకులు యాడున్నయ్యో కనుక్కోని, తిన్నగా నా కాడికి వచ్చేసింది. సదువంటే ఇదీ!"

ఆడవాళ్ళందరూ జయకుమారిని మెచ్చుకోలుగా చూశారు. ఏసోబు తువ్వాలు దులిపి నవ్వాడు. మల్లేశ్వరి, శివపార్వతి నీళ్ళ వైపు తిరిగి నిలబడ్డారు.

"కార్డు ఎప్పుడందిందమ్మే?" అంది పున్నమ్మ.

నీళ్ళ హోరు. జయకుమారి గొంతు పెంచాల్సి వచ్చింది.

"నిన్నే... నిన్ననే అందిందమ్మా."

"అదే అనుకున్నా," అంది పున్నమ్మ, కూతురి జుట్టు మీది తుంపర్లు కొంగుతో తుడుస్తూ. "అందీ అందగానే వచ్చేసేదానివని నాకు తెల్దా!"