జున్ను ఏడుపు ఎక్కిన కారు

ఈ ఉదయం తొమ్మిదిన్నరకు మా పాప ఏడుపు కారులోకి వెళ్ళిపోయింది.

పాప పేరు జున్ను. ఎనిమిది నెలలు. నా ఒళ్ళో పడుకుని నోరు తెరుస్తుంది, ముఖం కందగడ్డ అవుతుంది, కన్నీళ్ళు చెవుల్లోకి జారతాయి, చప్పుడు మాత్రం రాదు. చప్పుడంతా షెడ్డులో ఉన్న ఎర్ర కారు ముందు మూత కింద నుంచి వస్తోంది. అది జున్ను ఏడుపే. కన్నదాన్ని, ఆ మాత్రం పోల్చుకుంటాను. ఎందుకు ఏడుస్తోందో మాత్రం నాకు తెలీదు.

కారు మా ఆయనది. జపాను కారు, రెండు తలుపులది, నాకంటే మూడేళ్ళు పెద్దది. ఆయన లారీ మీద రాయపూరు వెళ్ళి పద్నాలుగు రోజులైంది. రోజూ సరిగ్గా పన్నెండింటికి ఫోన్ చేసి, "దాని గొంతు ఒకసారి వినిపించు" అంటాడు.

మా అత్తయ్య వీరరాఘవమ్మ కారులో కూర్చుని తాళంచెవి తిప్పుతుంది. కారు "ఉంగా" అని అందుకుంటుంది, రెండుసార్లు పొలమారుతుంది, ఆగిపోతుంది. ఏడుపూ ఆగిపోతుంది. జున్ను నోరు మూసుకుని నా వంక చూస్తుంది.

"ఆకలే అమ్మాయ్ దీనికి. ఇంకాస్త పెట్రోలు పట్టించు" అంటుంది అత్తయ్య. జున్ను గురించి కూడా ఆవిడ ఎప్పుడూ ఇదే మాట అంటుంది. నేనూ ఎప్పుడూ అలాగే పాలు పడతాను.

ఆటోనగర్‌లో మా పక్క షెడ్డు మస్తానన్నది. బండ్ల వైర్ల పని చేస్తాడు. ద్వారం చుట్టు తిరుగుడు కాబట్టి గోడలోంచి వస్తాడు. భుజం మీద సున్నం దులుపుకుంటాడు.

"గొంతు పోయి ఎంతసేపయింది చెల్లెమ్మా?"

"పావుగంట అన్నా."

"పన్నెండు లోపు తియ్యాల. దాటిందా, బండిదే అయిపోద్ది. పోయినేడు ఒకాయన దగ్గు లారీలో ఉండిపోయింది. ఇప్పటికీ ఆయన దగ్గాలంటే లారీ దగ్గరికెళ్ళి హారన్ కొట్టుకోవాల్సిందే."

నాకు వణుకు రాదు. నా వణుకు గోడ గడియారానికి పోతుంది. దాని ముల్లు పళ్ళు కొరుకుతున్నట్టు టకటకలాడుతుంది.

మూత ఎత్తుతాం. ఇంత పొడుగు ముక్కున్న కారులో ఇంజను ఇడ్లీ కుక్కరంత ఉంది.

"ఇందులో పైకీ కిందకీ ఆడేవేం ఉండవు" అంటాడు మస్తానన్న. "మూడు మూలల బిళ్ళ, నడుం నొక్కిన డబ్బాలో గుండ్రంగా తిరుగుద్ది. ఇట్టాంటివి రెండు. మూడు మూలలూ గోడని తాకుతానే ఉండాల. ఒక్క మూల వదిలినా బలం పోద్ది."

చూపు తిప్పుకోలేను. తొమ్మిదో తరగతిలో లెక్కల టీచరు బోర్డు మీద త్రిభుజానికి రెండు గీతలు గీసింది. మూడోది గీసేలోపు నాన్న వచ్చి నన్ను ఇంటికి పిలుచుకుపోయాడు. మళ్ళీ బడికి పోలేదు. ఆ మూడో గీత ఏమైందోనని అప్పుడప్పుడూ అనుకుంటూనే ఉన్నాను. ఇక్కడుంది. సన్నగా, నూనె రాసుకుని, నన్నే చూస్తోంది.

"ముందు నిప్పుందో లేదో చూద్దాం" అంటాడు మస్తానన్న.

ఒక్కో బిళ్ళకీ రెండు ప్లగ్గులు. మొదటిది అంటిస్తుందట, రెండోది వెనకే వచ్చి మిగిలింది కాలుస్తుందట. ఒక ప్లగ్గు ఊడదీసి ఇనుముకి ఆనిస్తాడు. అత్తయ్య తాళం తిప్పుతుంది. టక్. నీలం చుక్క. ఆ చుక్కలో జున్ను కనురెప్ప కొట్టుకుంటుంది.

"నిప్పుంది! అన్నా, ఉంది!" అని అరుస్తాను. అరిచింది నేనేనా అని అత్తయ్య కారులోంచి తల బయటికి పెడుతుంది.

నిప్పు పుట్టించే కాయిళ్ళు అటువి ఇటు మార్చి చూస్తాడు. ఏడుపు ఎడమ చక్రం దగ్గర్నుంచి కుడి చక్రం దగ్గరికి మారుతుంది, అంతే. కాయిళ్ళ తప్పు కాదు. గడియారం పదకొండు దాటుతుంది.

ప్లగ్గు నా చేతిలో తడితడిగా ఉంది. వాసన చూస్తాను. పెట్రోలు కాదు. కక్కిన పాల వాసన.

నా గుండె ఒక్క గంతు వేసి షెడ్డు రేకులకు తగిలి కిందికి వస్తుంది.

"అన్నా, దీనిది ఆకలి కాదు. ఎక్కువైంది."

మస్తానన్న ప్లగ్గు తీసుకుని వాసన చూస్తాడు. నెమ్మదిగా అత్తయ్య వైపు తిరుగుతాడు. "పిన్నమ్మా, ఈ బండి ఎప్పుడెప్పుడు స్టార్ట్ చేస్తున్నావు?"

"రోజూ పొద్దున్నే. చక్రం కింద నిమ్మకాయ పెట్టి, స్టార్ట్ చేసి, జానెడు జరిపి, కాయ చితగ్గానే ఆపేస్తా. వాడు ఊళ్ళో లేడు, బండికి దిష్టి తగలదూ?"

మస్తానన్న తల బాదుకుంటాడు. "ఈ ఇంజను చల్లగా ఉన్నప్పుడు లేపి ఎంటనే ఆపకూడదు పిన్నమ్మా! ఏడెక్కేదాకా గటగటా తాగుద్ది. మధ్యలో ఆపితే తాగిందంతా లోపలే నిలిచిపోద్ది."

"నాకు చెప్పావా ఎప్పుడన్నా?"

"నిమ్మకాయలు తొక్కిస్తన్నానని నువ్వు చెప్పావా?"

"ఊరంతా తొక్కిస్తారు. నీ ఆటోకి తొక్కించలా?"

నాకు పొద్దున తొమ్మిదిన్నరకు జరిగింది గుర్తొస్తోంది. అత్తయ్య కారు ఆపిన క్షణానే జున్ను ఏడుపు ఎత్తుకుంది. నేను రొమ్ముతో నోరు మూశాను. జున్ను నోరు తెరిస్తే నాకు భయం. ఏడుపు అర్థమయ్యేదాకా ఆగలేను, పాలతో మూసేస్తాను. ఇవాళ ఆ ఏడుపు దారి లేక, ఎదురుగా అలాగే సగంలో ఆగిపోయిన కారు నోట్లోకి దూరింది.

"తేన్పు తెప్పించాలి" అంటాను.

"అదీ పద్ధతి" అంటాడు మస్తానన్న, ఏమాత్రం ఆశ్చర్యపోకుండా. పెట్రోలు పంపు ఫ్యూజు పీకి జేబులో వేసుకుంటాడు. ఆ క్షణమే నా పాలూ ఆగిపోతాయి.

నాలుగు ప్లగ్గులూ విప్పేస్తాడు. ఇద్దరం కలిసి ఇంజను బయటికి తీస్తాం. వైర్లు విప్పే పని లేదు, పేగుల్లా సాగుతాయి. కుడి భుజం మీద జున్ను, ఎడమ భుజం మీద ఇంజను. రెండిటి వీపులూ నిమురుతూ షెడ్డులో ఆ చివరి నుంచి ఈ చివరికి నడుస్తాను. అత్తయ్య తాళం తిప్పి పట్టుకుంటుంది. ఇంజను నా భుజం మీద గిర్రుగిర్రున తిరుగుతుంది. ఒకసారి. రెండోసారి. మూడోసారి గట్టిగా తేన్చి నా చీర మీద నిమ్మగింజలు కక్కుతుంది. ఏరి చూస్తాను. పద్నాలుగు.

"వచ్చింది! వచ్చింది!" అని అత్తయ్య సీట్లో ఎగురుతుంది.

పదకొండూ యాభై ఆరు. ఇంజను లోపల పడుకోబెడతాం. ప్లగ్గులు తుడిచి బిగిస్తాం. ఫ్యూజు పెడతాం. పాలు చేపుకొస్తాయి.

"తిప్పు పిన్నమ్మా!"

కారు అందుకుంటుంది. ఉంగా! ఉంగా! వెనక గొట్టంలోంచి తెల్లటి పొగ, షెడ్డు నిండా ఏడుపు. ముందు దీపాల రెప్పలు రెండూ లేచి, వాటిలోంచి నీళ్ళు ధారగా కారతాయి. అత్తయ్య చెయ్యి అలవాటుగా తాళం మీదికి పోతుంది.

"ఆపొద్దు అత్తయ్యా!"

"గుక్క పట్టేట్టుందే!"

"పట్టనివ్వండి. ఒక్కసారి పూర్తిగా ఏడవనివ్వండి."

నా జాకెట్టు తడిసిపోతోంది. అయినా జున్నును రొమ్ముకి తీసుకోను. ఇంజను తిరుగుళ్ళు చూపించే మీటరు ముల్లు నాలుగు వేలు, ఆరు వేలు, తొమ్మిది వేలు. భయం నా ఒంట్లోంచి ముల్లుతోపాటు పైకి ఎక్కి, అద్దం పగలగొట్టుకుని ఎగిరిపోతుంది. నేను వింటాను. ఎనిమిది నెలల్లో మొదటిసారి చివరిదాకా వింటాను. అది పాలు అడగడం లేదు, ఎత్తుకోమనడం లేదు. తనొచ్చానని చెబుతోంది, అంతే. ఎనిమిది నెలలుగా అదే చెప్పబోతోంది.

ఫోన్ మోగుతుంది. పన్నెండు.

ఎత్తి జున్ను ముఖం దగ్గర పెడతాను. కారు ఏడుపు సన్నబడి, దారంలా మూత సందులోంచి వచ్చి, జున్ను నోట్లోకి చుట్టుకుపోతుంది. జున్ను షెడ్డు అదిరేలా ఏడుస్తుంది. కారు తన సొంత గొంతుతో, తేనెపట్టులా ఝుమ్మంటుంది.

"అబ్బో! ఏంటీ గొంతు! మన జున్నేనా?" అంటాడు ఆయన, లారీల హోరులోంచి.

"మన జున్నే!" అంటాను. నవ్వుతున్నానో ఏడుస్తున్నానో చూసుకునే తీరిక లేదు. షెడ్డు గోడలు నడుం దగ్గర లోపలికి నొక్కుకుంటున్నాయి. జున్ను నా చేతుల్లోంచి తేలిపోయి ఒక మూలకు చేరుతుంది. తాళంచెవి వదిలేసి అత్తయ్య ఒక మూలకు. నేను ఒక మూలకు. మా మధ్య గీతలు వాటంతటవే పడతాయి. ఒకటి. రెండు. మూడోది కూడా.

తిరగడం మొదలవుతుంది. అత్తయ్య కొంగు గాలికి లేస్తుంది. ముగ్గురి వీపులూ గోడకు రాసుకుంటున్నాయి, ఎవరమూ గోడ వదలం. షెడ్డు తన చోటు నుంచి కదిలి ఆటోనగర్ రోడ్డెక్కుతుంది. దారిలో బండ్ల చక్రాల ముందున్న నిమ్మకాయలు లేచి పక్కకు జరిగి దారి ఇస్తాయి. రాయపూరు ఎటో షెడ్డుకి తెలుసు.

మస్తానన్న గోడలోంచి చెయ్యి ఒక్కటే లోపలికి పెట్టి మొదటి నిప్పు అంటిస్తాడు. రెండోది జున్ను పిడికిట్లో ఉంది. ఏడుస్తూనే, ఒక్కో వేలూ తెరుస్తోంది.