దేశం గీత కింద ఊరి గీత

ఆ రోజు ఇంట్లో ఉన్నది ఐదుగురు. వాకిలి గదిలో కుట్టుమిషను ముందు అత్త. నడిమి గదిలో భోజనాల బల్లంతా ఆక్రమించుకుని కంప్యూటరుతో బాబాయి. వంటింట్లో అమ్మ. కిటికీ పక్క మంచం మీద నాయనమ్మ, ఆవిడకి చెవులు సరిగ్గా వినపడవని అందరి నమ్మకం. ఈ నలుగురి మధ్యా ఎవరి కాళ్ళకీ అడ్డం పడకుండా తిరుగుతూ, పదో తరగతి చదివే పిల్ల. నాన్న మిల్లులో పగటి డ్యూటీకి వెళ్ళాడు కాబట్టి ఇంటి గొడవల్లో ఆయన పాత్ర లేదు.

ఆ పిల్లని ఇంట్లో మాటలపుట్ట అంటారు. పొద్దున్నించి రాత్రిదాకా తన నోట్లోంచి వచ్చే మాటలన్నీ కలిపినా గుప్పిట్లో పట్టేస్తాయని బాబాయి వేళాకోళంగా పెట్టిన పేరు. బళ్ళో కూడా అంతే. లేచి జవాబు చెప్పమంటే చెవులు ఎర్రబడి, తెలిసిన జవాబు కూడా గొంతులోనే చతికిలపడిపోయేది.

బాబాయి ఆరోగ్యశాఖ ఆఫీసులో జనన మరణాల లెక్కలు చూస్తాడు. సాయంత్రం రైలుకి వెళ్తూ పై ఆఫీసరు ఇంటికే వచ్చి కాగితాలు తీసుకెళ్తానన్నాడు. అందుకని సెలవు రోజు కూడా ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, అది నలగకుండా వీపు కుర్చీకి ఆనించకుండా కూర్చున్నాడు. ఆ కాగితాల్లో ఉన్న సంగతల్లా ఒకటే: ఈ పదేళ్ళలో ఊళ్ళో క్యాన్సరుతో పోయినవాళ్ళు లక్షకి ఎంతమంది, దేశం మొత్తం మీద లక్షకి ఎంతమంది, ఎక్కడ పెరుగుతోంది, ఎక్కడ తగ్గుతోంది.

టీలు తాగేటప్పుడే అందరికీ తెర తిప్పి చూపించాడు. ఎర్రగీత దేశానిది, నీలంగీత ఊరిది. ఎర్రగీత నడకకొచ్చిన ముసలాయనలా నెమ్మదిగా, కొంచెం కొంచెంగా దిగుతోంది. నీలంగీత మొదట దాని పక్కనే నడిచి, మధ్యలో ఎక్కడో కాలుజారినట్టు ఒక్కసారి కిందికి జారి, అక్కణ్ణించి ఇంకా దిగుతూనే ఉంది. ముసలివాళ్ళు ఎక్కువున్న ఊరినీ కుర్రాళ్ళు ఎక్కువున్న ఊరినీ ఊరికే పోలిస్తే అన్యాయమట, అందుకని వయసుల తేడా కూడా సరిచేసి లెక్కగట్టాడట.

"సరిచేసినా మనమే కింద. దేశం లెక్కలో సగానికి కాస్త పైన, అంతే," అన్నాడు, మిగతా సగాన్నీ తనే చేయిపట్టి బతికించినట్టు.

"మనూళ్ళో తక్కువ చస్తున్నారా? మరి నా తోటివాళ్ళంతా ఏరీ?" అంది నాయనమ్మ మంచం మీంచి.

ఆవిడకి వినపడదు కదా అని ఎవరూ జవాబివ్వలేదు. అమ్మ మాత్రం నవ్వాపుకుంటూ కప్పులు తీసింది.

సిటీ ఆసుపత్రిలో పోయినవాళ్ళ సంగతేంటని అమ్మ అడిగితే, బాబాయి దానికీ సిద్ధంగానే ఉన్నాడు. ఎక్కడ పోయినా సరే, ఆసుపత్రిలో రాయించిన చిరునామా ఏ ఊరిదైతే ఆ ఊరికే కాగితం వస్తుందట. వచ్చిన ఏ కాగితాన్నీ తను వదల్లేదట.

అప్పుడు వాకిలి గదిలోంచి అత్త అడిగింది. "అయితే ఆ పరీక్షల బండి మాటేమిటిరా?"

ఆ బండి సంగతి ఊళ్ళో ఆడవాళ్ళందరికీ తెలుసు. మంజూరైతే నెలకోసారి వచ్చి ఆగి, ఆడవాళ్ళకి రొమ్ము పరీక్ష ఉచితంగా చేసే పెద్ద వ్యాను. ఈ ఊరికీ ఏటి అవతలి ఊరికీ కలిపి ఒక్కటే ఇస్తామన్నారు, ఏ ఊరికిస్తే ఆ ఊరి ఆడవాళ్ళకే పరీక్ష.

"అది అవతలి ఊరికి పోతుందక్కా. వాళ్ళ గీత దేశం గీతని దాటేసింది. ఎక్కువ పోయేచోటికే బండి. మనకెందుకు, మనం బానే ఉన్నాం."

మిషను ఆగింది. కాసేపటికి మళ్ళీ కదిలింది, కానీ ఆ చప్పుడులో తేడా మాటలపుట్టకి తెలిసింది.

ఎందుకంటే అత్త చంకకిందుగా, రొమ్ముకి పక్కన, బఠాణీ గింజంత గట్టిగా ఒక గడ్డ ఉందని ఇంట్లో తెలిసింది తనకొక్కదానికే. కొత్త జాకెట్టుకి ఎడమవైపు ఎందుకు వదులు పెడుతున్నావని అడిగిన రోజున అత్తే ఈ పిల్ల వేళ్ళు పట్టుకుని అక్కడ ఆనించింది. ఎవరికీ చెప్పొద్దంది. "నీకైతే చెప్పొచ్చు. నీ నోరు తెరవాలంటే తాళాలవాణ్ణి పిలిపించాలి," అని నవ్వింది కూడా. ఊళ్ళోకి బండి వస్తే నడిచి వెళ్ళి చూపించుకుంటానంది. సిటీకి మాత్రం చచ్చినా వెళ్ళనంది. తాతయ్యని ఆ ఆసుపత్రి వరండాలో రోజుల తరబడి పడుకోబెట్టి, చివరికి దుప్పట్లో చుట్టి తెచ్చింది అత్తే. ఆ సిటీ బస్సు పేరెత్తితేనే ఆవిడ లేచి వెళ్ళిపోతుంది.

తీరా ఆ బండి ఇప్పుడు నీలంగీత పుణ్యమా అని ఏరు దాటిపోతోంది.

మాటలపుట్ట ఖాళీ కప్పు చేత్తో పట్టుకుని తెర వంకే చూస్తూ నిలబడిపోయింది. గీత కాలుజారిన ఏడాది ఏదో కింద రాసుంది. ఆ ఏడాది తనకి బాగా గుర్తు. సిటీ ఆసుపత్రివాళ్ళు, ముందు సిటీలో కాపురముండేవాళ్ళకి, తర్వాతే పై ఊళ్ళవాళ్ళకి అని రూలు పెట్టింది అప్పుడే. ఆ రూలుకి ఊరివాళ్ళు వారం తిరక్కుండా విరుగుడు కనిపెట్టారు. ఆసుపత్రి వెనక సందులో ఒకావిడ మేడమీది గది అద్దెకిచ్చేది. ఇక్కణ్ణించి ఎవరు వెళ్ళినా ఆ గదిలోనే దిగడం, ఆసుపత్రి బల్ల దగ్గర ఆ ఇంటి చిరునామానే రాయించడం. కాపురం ఎక్కడంటే మేడగదిలో. తాతయ్యకీ అదే రాయించారు. తను కూడా వెంట వెళ్ళింది. ఏ ఊరమ్మా అని బల్ల దగ్గరావిడ ముద్దుగా అడిగితే, ఎప్పుడూ మాట్లాడని పిల్ల ఆ రోజు ఠక్కున అసలు ఊరిపేరు చెప్పబోయింది. అత్త వెనకనించి నడుం మీద గిల్లిన గిల్లుడికి అది దగ్గుగా మారింది.

తాతయ్య ఒక్కడేనా. రొట్టెల కొట్టాయన తమ్ముడు, బడి గేటు దగ్గరుండే ఆయన, ఎదురింటి టైలరు భార్య, అందరూ ఆ మేడగదివాళ్ళుగానే పోయారు. వాళ్ళ కాగితాలు ఊరికి రావు. సిటీ లెక్కలోనే ఉండిపోతాయి. ఆ మేడగదినొక్కదాన్నీ ఒక ఊరనుకుని లెక్కగడితే దేశంలోకెల్లా మొదటి స్థానం దానిదే అవుతుంది.

ఇంత స్పష్టంగా ఉన్న సంగతి. చెప్పడమే మిగిలింది.

మొదటిసారి బాబాయి పక్కకెళ్ళి నిలబడి గొంతు సవరించుకుంది. ఆయన తెరమీంచి కళ్ళు తీయకుండానే, ఏమే మాటలపుట్టా, ఉపన్యాసం తర్వాతిద్దువుగానిలే, ముందు ఆ ఫ్యాను ఇటు తిప్పు అన్నాడు. ఫ్యాను తిప్పింది. కాగితాలెగిరాయి. కాగితాలు ఎగరేసినందుకు తిట్లు తింది.

రెండోసారి వంటింట్లో అమ్మకి చెప్పింది. అమ్మ గరిటె తిప్పుతూ అంతా వింది. విని, మీ బాబాయి అంత చదువుకున్నాడు, ఆయనకి తట్టదా, ఆఫీసు సంగతుల్లో మనం వేలు పెట్టకూడదు అంది. ఆ తర్వాత ఆఫీసరుకి ఇవ్వడానికి మంచి కప్పులు అటకమీంచి తీయమంది. స్టూలెక్కి కప్పులు దించుతుంటే ఆ పిల్లకి ఏడుపొచ్చింది. చేతిలో ఉన్నవాటిని నేలకేసి కొట్టాలనిపించింది. ఒకటొకటిగా కడిగి బోర్లించింది.

మూడోసారికి మధ్యాహ్నం అయింది. బాబాయి ప్రింటు తీసిన కాగితాలకి పిన్నులు కొడుతున్నాడు. ఈసారి తను గొంతు సవరించుకోలేదు, సరాసరి అనేసింది. "బాబాయ్, తాతయ్య ఇందులో లేడు."

పిన్నుల మిషను ఆగింది. ఆయన తలెత్తి వంటింటివైపు చూసి, వాకిలివైపు చూసి, చెయ్యి పట్టుకుని పెరటి గడపలోకి లాక్కెళ్ళాడు.

"నాకు తెలీదనుకుంటున్నావా? ఆ చిరునామా రాయించింది ఎవరు, నేనే కదా," అన్నాడు గొంతు తగ్గించి. "ఇప్పుడు ఆఫీసరు ముందు నిలబడి, అయ్యా మేమంతా అబద్ధం రాయించామని చెప్పమంటావా? చెప్తే ఏమవుతుందో తెలుసా? రేపే ఆసుపత్రివాళ్ళు చిరునామాలన్నీ తీసి చూస్తారు. రొట్టెలకొట్టావిడకి ఆ చిరునామా మీదే ఇప్పుడు సగం వైద్యం అయింది. ఆవిణ్ణి పట్టుకెళ్ళి లైనులో అందరికన్నా వెనక నిలబెడతారు. ఆవిడ పోతే ఆ జవాబు నువ్వు చెప్తావా?"

రొట్టెలకొట్టావిడ మాటలపుట్టని చూసినప్పుడల్లా కొసరు బిస్కెట్టు చేతిలో పెట్టేది. ఆవిడ వెనక నిలబడకూడదు. అత్తకి బండి రావాలి. ఈ రెండూ ఒకదాని పీక ఒకటి పట్టుకున్నాయి, వాటిని విడదీసే మాట తనకి దొరకలేదు. అత్త సంగతి చెప్తే? ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. అత్త వేళ్ళు తన వేళ్ళని పట్టుకోవడం గుర్తొచ్చి మింగేసింది.

"పెద్దదానివయ్యాక నీకే తెలుస్తుందిలే," అని బాబాయి తల నిమిరాడు. ఆ నిమరడంతో ఒళ్ళు మండిపోయింది.

సాయంత్రం ఆఫీసరు వచ్చాడు. చిన్న పెట్టె, పెద్ద బొజ్జ, మర్యాద మనిషి. కట్టుడు పళ్ళు పెట్టుకోనా వద్దా అని నాయనమ్మ అడుగుతుండగానే లోపలికొచ్చి ఆవిడకే ముందు నమస్కారం పెట్టాడు. నడిమి గదిలో కూర్చోబెట్టారు. కాగితాలు తిరగేసి, శభాష్ అని రెండుసార్లు అన్నాడు. ఇంత శుభ్రమైన గీత ఈ ప్రాంతంలో ఇంకెక్కడా లేదన్నాడు. మీ ఊరి నీళ్ళలో ఏముందో సీసాలో పోసి పంపండి, మేమూ తాగుతాం అంటే బాబాయి నవ్వాడు. ఆ నవ్వు కళ్ళదాకా వెళ్ళలేదు. బండి అవతలి ఊరికి ఖాయమని, సోమవారం సంతకం అయిపోతుందని ఆఫీసరు చెప్పాడు.

టీ పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ మాటలపుట్టకి అక్కణ్ణించి అత్త వీపు కనిపిస్తోంది. ఆవిడ మిషను తొక్కడం లేదు. దారం తెంపుతున్నట్టు తల వంచుకుని ఉంది.

"ఏం చదువుతున్నావమ్మా?" అన్నాడు ఆఫీసరు కప్పు అందుకుంటూ.

"మా తాతయ్య క్యాన్సరుతోనే పోయాడండి. ఈ కాగితంలో లేడు," అంది.

గొంతు తనదేనా అన్నంత గట్టిగా వచ్చింది. బాబాయి ముఖం పాలిపోయింది. చిన్నపిల్ల, తాతంటే ప్రాణం, ఇంకా తేరుకోలేదని ఏదో సర్దాడు. ఆఫీసరు జాలిగా తలూపి, ఇలాంటి లెక్కల్లో ఒక్క మనిషి అటూ ఇటూ అయితే గీత కదలదమ్మా, లెక్క అంటే అందరిదీ కదా అని నెమ్మదిగా బోధించాడు. చెప్పడం అయ్యాక కాగితాలు పెట్టెలో పెట్టుకుని మూత వేశాడు. గొళ్ళెం టక్కుమంది.

పొద్దున్నించి లోపల ఆపుకున్నదంతా ఆ చప్పుడుకి ఒక్కసారి బయటికి తన్నుకొచ్చింది.

"మా అత్తకి గడ్డ ఉందండి. రొమ్ములో. బండి వస్తే చూపించుకుంటానంది. సిటీకి రానంది. బండి మాకివ్వండి."

వంటింట్లో పాలు పొంగి పొయ్యి మీద పడుతున్న చప్పుడు వినిపించింది, అయినా అమ్మ వెళ్ళలేదు. నాయనమ్మ మంచం మీద లేచి కూర్చుని, "ఏ పక్కనే?" అంది. ఆవిడకి అన్నీ వినపడతాయని ఇంట్లోవాళ్ళకి తెలిసింది అప్పుడే.

ఆఫీసరు ఇబ్బందిగా లేచాడు. బండి కోసం ఎదురుచూడ్డం ఏమిటండీ, ఇలాంటివాటికి ఆలస్యం పనికిరాదు, రేపే సిటీకి తీసుకెళ్ళండి, నిజంగా చెప్తున్నా అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. రైలుకి టైమైందని పెట్టె పట్టుకుని మెట్లు దిగాడు. దాంతోపాటు నీలంగీత కూడా పొద్దున్న ఉన్నట్టే వెళ్ళిపోయింది.

ఇస్త్రీ చొక్కా నలిగితే నలిగిందని బాబాయి కుర్చీలో కూలబడ్డాడు. కాసేపు ముఖం చేతుల్లో దాచుకున్నాడు. తర్వాత జేబులోంచి ఫోను తీశాడు.

"అక్కా, పొద్దున మొదటి బస్సుకి వెళ్దాం," అన్నాడు. ఫోను చెవిన పెట్టుకున్నాక ఆయన గొంతు మారింది. "అమ్మా, నేనండి. మేడమీద గది ఖాళీ ఉందా? ఆఁ, మనవాళ్ళే. మీ చిరునామాయే రాయిస్తాం."

మాటలపుట్ట బాబాయి చెయ్యి పట్టుకుని లాగింది. ఆయన విదిలించుకుని, అటు తిరిగి మాట్లాడాడు. అమ్మ వైపు చూసింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. అత్త కాగితం కూడా ఆ మేడగది ఖాతాలోకే పోతుందని, వచ్చే ఏడాది గీత ఇంకాస్త దిగుతుందని ఎవరితో చెప్పాలో తెలియలేదు.

అత్త మిషను దగ్గర్నించి లేచింది. ఎవరివంకా చూడకుండా పక్కగదివైపు నడిచింది. పిల్ల వెనకే పరిగెత్తింది.

"అత్తా. బండి వస్తుందనుకున్నా అత్తా. అందుకే."

అత్త గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగింది. కోపంగా ఉంటుందనుకుంది, లేదు. కొత్తవాళ్ళ కొలతలు తీసుకునేటప్పుడు చూసినట్టు, మనిషిని కాకుండా మనిషి చుట్టూ చూసినట్టు చూసింది.

"మిషను మీద ఎవరిదో బట్ట ఉంది. దుమ్ము పడుతుంది, మడిచి లోపల పెట్టు," అని తలుపు వేసేసుకుంది.