తొట్టి వైపు తిరిగిన చెయ్యి

జయచంద్ర బొమ్మ గీసే పని తన చేతికే వస్తుందని అరుణజ్యోతి కలలో కూడా అనుకోలేదు.

అనంతపురంలో శశికుమార్ నడిపే చిన్న యానిమేషన్ స్టూడియోలో ఆమె ఉద్యోగం. యాడికి ఊరి దగ్గర పెద్ద చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉన్న జయచంద్ర, రైతుల సభలో వేయడానికి తన మీద కార్టూన్ సినిమా కావాలని వచ్చాడు. కరువు నేలలో చెట్లకు ప్రాణం పోసిన మనిషిగా చూపించాలట. ఫోటోలు ఇచ్చి పోయాడు. మూల సీట్లో ఉన్న పిల్లను గుర్తుపట్టలేదు.

ఆమె గుర్తుపట్టింది. తన చిన్నప్పుడు ఆ తోట పక్క తొట్టిలో నీళ్లు తాగి నాయన సోమప్ప గొర్రెలన్నీ నురగలు కక్కి చచ్చాయి. పురుగుమందు కలిపింది జయచంద్రేనని సోమప్ప పంచాయితీ పెట్టించాడు. "సాక్ష్యం యాడుందప్పా?" అని జయచంద్ర పగలబడి నవ్వాడు. పెద్దమనుషులు సోమప్ప చేతనే తప్పయిందని చెప్పించారు. మంద పోయాక సోమప్ప రాయదుర్గంలో జీన్స్ కుట్టే షెడ్డుకు కాపలా కుదిరాడు. ఆ నవ్వు అరుణజ్యోతి చెవుల్లోనే ఉండిపోయింది.

ఆమె మనిషిని ముక్కలుగా గీసింది. తల ఒక పొర, మీసం ఒక పొర, కనురెప్పలు, దవడ, భుజం, మోచెయ్యి, వేళ్లు అన్నీ వేరువేరు పొరలు. ఫైలును యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లోకి తెస్తుంటే, పొరల్ని కలిపేయాలా, విడిగా ఉంచాలా అని అది అడిగింది. కలిపేస్తే జయచంద్ర గోడ మీది పటంలా బిగుసుకుపోతాడు. విడిగా ఉంటే ఆడించినట్టు ఆడతాడు. విడిగానే తెచ్చింది. భుజం దగ్గర కీలు పెట్టి చెయ్యి ఎత్తితే, దాని వెనక చొక్కాలో పెద్ద బొక్క కనపడింది. చెయ్యి కప్పిన చోట ఆమె ఏమీ గీయలేదు. మళ్లీ బొమ్మ దగ్గరికి పోయి ఆ ఖాళీ పూడ్చి, ఫైలు తిరిగి తెచ్చింది. ఈసారి చెయ్యి నున్నగా తిరిగింది.

శశికుమార్ చూసి మురిసిపోయాడు. "అచ్చం ఆయనేమ్మా!"

"నవ్వు ఇంకా కుదరల్యాదన్నా," అందామె.

శశికుమార్‌కు చూపించింది ఒక సినిమా. ఇంట్లో అవే పొరలతో ఇంకొకటి చేసింది. గొర్రెల్ని ఒక్కొక్కటిగా గీసి, నల్లదానితో మొదలుపెట్టి ఒక్కొక్కటిగా పడేసింది. అప్పుడు ఏడుపొచ్చింది గానీ పని ఆపలేదు.

సభ రోజు యాడికి ఫంక్షన్ హాలు కిటకిటలాడింది. తెర మీద జయచంద్ర చెట్లకు నీళ్లు పోస్తుంటే జనం చప్పట్లు కొట్టారు. ముందు వరుసలో ఆయన మీసం దువ్వుకున్నాడు. అంతలో బొమ్మ చెయ్యి చెట్ల మీంచి తొట్టి వైపు తిరిగింది. డబ్బాలోంచి మందు ఒలికింది. గొర్రెలు కాళ్లు తన్నుకున్నాయి. బొమ్మ దవడ సాగదీసి నవ్వింది. చప్పట్లు ఆగిపోయాయి.

"ఆపండ్రా! ఎవడు చేసినాడు ఇది?" జయచంద్ర లేచాడు.

"నేను చేసినా. సోమప్ప కూతుర్ని," కంప్యూటరు పక్కనుంచి అరుణజ్యోతి అంది.

"అబద్ధం! సాక్ష్యం యాడుండాది?"

వెనక వరుసలోంచి ఒక ముసలామె లేచింది. తోటలో కూలి చేసిన మారెక్క. "ఆ పొద్దు డబ్బా కడగమని నా చేతికే ఇచ్చినావు గదప్పా. నోరు తెరిస్తే పని తీసేస్తానంటివి. ఇప్పుడు తీసేయ్."

ఎవరో ఈల వేశారు. ఇంకెవరో నవ్వారు. హాలంతా నవ్వు పాకింది. జయచంద్ర తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని నడుస్తుంటే, అరుణజ్యోతి కళ్లార్పకుండా గుమ్మం దాకా చూసింది. కడుపు చల్లబడింది.

మరునాడే శశికుమార్ ఆమెను పనిలోంచి తీసేశాడు. "నా పేరు పాడు చేసినావు కదమ్మా" అన్నప్పుడు మాత్రం తల వంచుకుంది. ఆయనకు చేసింది అన్యాయమే.

ఆమె నెట్‌లో పెట్టిన సినిమా ఊరూరా ఫోన్లలో తిరిగింది. రాయదుర్గంలో సోమప్ప కూడా చూశాడు. కూతురికి ఫోన్ చేశాడు. "నల్ల గొర్రె ముందు పడల్యా పాపా. చిట్టచివర పడింది," అన్నాడు.

కొన్నాళ్లకు జయచంద్ర ఫోన్ చేశాడు. "తోటలోకి కూలోళ్లు రావడం ల్యా. మనవడు బడికి పోనంటాండాడు. అది తీసేయమ్మా, నీకు పుణ్యముంటాది."

"తియ్యను," అంది అరుణజ్యోతి.

ఫోన్ పక్కన పెట్టి, నల్ల గొర్రె పొరను పట్టి, అది అన్నిటికన్నా చివర పడేలా జరిపింది.