కొలతల మాస్టారి ముందునడక

ఆ బడిలో సైన్సు చెప్పే మాస్టారిని పిల్లలు చాటుగా కొలతల మాస్టారు అనేవాళ్లు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, లోలోపల మురిసిపోయేవాడు కూడా. చేతిలో స్కేలు లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు. చిక్కుడు మొక్క ఎంత పెరిగిందో రోజూ కొలిచి రాయమంటే, ఏడో తరగతిలో రెండు జడల పిల్ల ఒకతి రెండు రోజులు జ్వరంతో పడుకుని, ఆ రెండు రోజులకీ ఉజ్జాయింపుగా అంకెలు వేసుకొచ్చింది. ఆయన పట్టేశాడు. "చూడకుండా రాసింది పరిశీలన కాదమ్మా, కట్టుకథ" అని అందరి ముందూ ఆ కాగితం చింపేశాడు. జ్వరం సంగతి ఆయన అడగలేదు, ఆ పిల్ల చెప్పలేదు.

ఈ ఏడు పిల్లల్ని నేషనల్ పార్కుకి తీసుకెళ్లే బాధ్యత ఆయన మీద పడింది. పడింది అనడం కంటే లాక్కున్నాడు అనడం న్యాయం. హెడ్ మేడం ఆ పని డ్రిల్ మాస్టారికి ఇద్దామనుకుంటుంటే, "ఆయనకి ఈల వెయ్యడం తప్ప ఒక్క చెట్టు పేరు తెలుసా మేడం?" అని అడ్డుపడ్డాడు. ఆ బడిలో ఒక పద్ధతి ఉంది. పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్లాలన్నా, ఆ మాస్టారు ముందుగా వెళ్లి దారంతా తన కాళ్లతో నడిచి, ఎక్కడ ఏముందో ఫారంలో రాసి సంతకం పెట్టాలి. దాన్ని ముందునడక అంటారు. పదేళ్ల కిందట పట్టుబట్టి ఆ పద్ధతి పెట్టించిన మహానుభావుడు కూడా ఈయనే.

శనివారం పొద్దున్నే బస్సెక్కాడు. వెళ్లలేదని ఎవరూ అనలేరు, పార్కు గేటు దాకా వెళ్లాడు. బస్సు దిగేసరికి కుడి మోకాలు పట్టేసింది. మూడు నెలలుగా అది సతాయిస్తూనే ఉంది కానీ, భార్యకి తప్ప ఎవరికీ చెప్పలేదు. చెబితే యాత్ర కాస్తా డ్రిల్ మాస్టారి చేతికి పోతుంది. గేటు పక్కన టీ కొట్టులో, కాసేపాగి నడుద్దాంలే అని కూర్చున్నాడు. రెండు టీలు అయ్యాయి, నొప్పి తగ్గలేదు. సంచిలో నిరుటి ఫారం ఉంది. ఏడాదిలో అడవి ఎక్కడికి పోతుందిలే అనిపించింది. చూసి కొత్త ఫారంలోకి ఎక్కించేశాడు. గుట్ట మీద మంచినీళ్ల కుళాయి. మూడో గుర్తురాయి దగ్గర వాగు మీద చెక్క వంతెన, ఒక్కసారికి నలుగురు. అడుగున తన చక్కటి చేతిరాతతో సంతకం.

ఇంటికొచ్చాక భార్య బూట్లు చూసింది. "అడవంతా ఊడ్చి తుడిచి పెట్టారేమిటి మీకోసం? మట్టి మరకే లేదు."

"దారి శుభ్రంగా ఉంది."

ఆవిడ మోకాలికి కాపడం పెడుతూ, "నడవలేకపోతే నడవలేనని చెప్పెయ్యరాదూ" అంది. ఆయన వినబడనట్టు పేపరు తిరగేశాడు.

సోమవారం సాయంత్రం తల్లిదండ్రుల మీటింగు. ఫారం చదివేసి కూర్చుంటే ఎలాగో గడిచిపోయేది. నోరు ఊరుకుంటేగా! ఎవరో తండ్రి లేచి, "ఆ వంతెన గట్టిదేనంటారా మాస్టారూ? మావాడికి నీళ్లంటే భయం" అన్నాడు.

"నడిమధ్యలో నిలబడి మూడుసార్లు గెంతి చూశానండీ! కిర్రుమంటే ఒట్టు!"

అందరూ నవ్వారు, చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్య మూడో వరసలో రెండు జడల పిల్ల చెయ్యి సగం పైకి లేచింది. పక్కన కూర్చున్న తల్లి ఆ చేతిని పట్టుకుని మెల్లిగా కిందికి దించింది. తల్లి ఒంటి మీద ఖాకీ చొక్కా ఉంది. ఆమె ఆ పార్కులోనే గార్డు.

అందరూ వెళ్లేదాకా ఆమె ఆగింది. కూతురు గుమ్మం దగ్గర నిలబడింది.

"ఆ వంతెన లేదండీ మాస్టారూ. వానలకి దుంగలు పుచ్చిపోయాయి. నెల కిందట నేనే దగ్గరుండి విప్పించాను."

ఆయనకి చెవులు భగ్గుమన్నాయి.

"అందరి ముందూ ఎందుకులే అని ఊరుకున్నాను. వాగులో నడుంలోతు నీళ్లున్నాయి. పైనుంచి ఇంకో దారి ఉంది, నేను చూపిస్తాలెండి. మొన్ననే విప్పారని ఒక చీటీ పంపెయ్యండి, సరిపోతుంది. మీరంటే దీనికి ప్రాణం. ఇంట్లో మొక్కని కూడా మీ పేరు చెప్పుకుని కొలుస్తుంది."

నాలుగు తిట్టినా బాగుండేది. నడుంలోతు నీళ్ల ఒడ్డున తన మాట నమ్మి నలభైమంది పిల్లలు నిలబడినట్టు కళ్ల ముందు కనబడి ఒళ్లు జలదరించింది. "నేను వెళ్లలేదమ్మా" అనాలి. అనలేదు. "అలాగేనమ్మా" అన్నాడు.

మర్నాడు క్లాసులో చీటీ చదివాడు. "వంతెన ఇటీవలే తీసివేసినందువల్ల దారి మార్చడమైనది."

వెనక బెంచీ నుంచి ఒక వాగుడుకాయ లేచాడు. "సార్, మా మావయ్య మూడు వారాల కిందట వెళ్తే అక్కడ వంతెనే లేదంట! మరి మీరు దేని మీద గెంతారు సార్?"

క్లాసంతా గొల్లుమంది. ఆయన చీటీని మళ్లీ మళ్లీ మడతపెట్టాడు. అప్పుడు రెండు జడల పిల్ల లేచింది.

"సార్ వెళ్లినప్పుడు ఉంది. మీ మావయ్య వేరే దారిన వెళ్లుంటాడు. శనివారం సాయంత్రం విప్పారు. మా అమ్మ అక్కడే పని చేస్తుంది. నేను చూశాను."

నవ్వులు ఆగిపోయాయి. గార్డు కూతురే చూశానంటే ఇంకెవరు కాదంటారు? వాగుడుకాయ కూర్చున్నాడు. ఆ పిల్ల మాత్రం నిలబడే ఉంది.

నేను చూశాను అన్న ఆ మాటకి ఆయన తల వాలిపోయింది. రెండంటే రెండు అంకెలు ఊహించి రాసినందుకు తను చింపి పారేసింది ఈ పిల్ల కాగితమే. ఇప్పుడు ఊరుకుంటే తన పరువు దక్కుతుంది, పన్నెండేళ్ల పిల్ల వెనక దాక్కుని. నిజం చెబితే ఈ పిల్ల అబద్ధమాడినట్టు నలభైమందికీ తెలిసిపోతుంది. బతుకులో ఎప్పుడూ ఇంత సిగ్గుపడలేదాయన.

స్కేలు బల్ల మీద పెట్టాడు.

"వంతెన తీసేసి నెలయింది. నేను దేని మీదా గెంతలేదు. అసలు గేటే దాటలేదు. టీ కొట్టులో కూర్చుని, నిరుటి ఫారం చూసి రాశాను." ఆ పిల్ల వైపు చెయ్యి చూపించాడు. "ఈ అమ్మాయి తప్పేం లేదు. నా మాట నమ్మి అలా చెప్పింది."

ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండుననిపించింది ఆయనకి.

గంట కొట్టాక పిల్లలు తోసుకుంటూ బయటికి పోయారు. రెండు జడల పిల్ల మాత్రం బల్ల దగ్గరికి వచ్చింది.

"నేను నమ్మి చెప్పలేదు సార్. విప్పుతున్నప్పుడు నేను అక్కడే ఉన్నాను."

"తెలుసు తల్లీ."

"మరి నమ్మిందని ఎందుకు చెప్పారు?"

"నలుగురిలో నీకు చిన్నతనం కాకూడదని."

"నేనూ అందుకే చెప్పాను సార్" అని ఆ పిల్ల సంచి తగిలించుకుని వెళ్లిపోయింది.

ఆయన ఫారం తీసి తన సంతకాన్ని అడ్డంగా కొట్టేసి, కుంటుకుంటూ హెడ్ మేడం గదికి బయల్దేరాడు. వరండాలో డ్రిల్ మాస్టారు ఎదురొచ్చి, "అయ్యో, కాలికి ఏమైంది మాస్టారూ?" అన్నాడు.

"మోకాలు నొప్పి. మూడు నెలలైంది" అన్నాడు కొలతల మాస్టారు. "నేను నడవలేను. పార్కుకి ముందునడక మీరే వెళ్లాలి."